గేజీ వయసు, ఇంజన్ వయసు

మా తాతయ్యకి ఎస్.జె.పి. రోడ్డు దగ్గర చిన్న షెడ్డు ఉంది. నీళ్ల పంపులు, డీజిల్ ఇంజన్లు బాగు చేస్తారు. కిందటి వేసవి సెలవుల్లో అక్కడికి ఒక పాత పడవ ఇంజన్ వచ్చింది. బెంగళూరులో సముద్రం లేదు, పెద్ద నదీ లేదు, మరి పడవ ఇంజన్ ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. దాన్ని తెచ్చినాయన తన హోటల్ తోటలో అలంకారంగా పెట్టుకుంటారట. రంగు వేసి, ఊడిపోయిన గేజీ చోట మంచి పాత గేజీ బిగించి ఇవ్వమన్నారు. పక్కనే ఒక ఇత్తడి పలక పెట్టి "1910" అని చెక్కించమన్నారు.

"1910 అని ఎలా తెలిసింది అంకుల్?" అన్నాను.

"అమ్మినవాళ్లు చెప్పారమ్మా" అన్నారు.

తొమ్మిదో తరగతిలో మా సోషల్ మేడమ్ మమ్మల్ని కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియంకు తీసుకెళ్లారు. 1962 జూలై 14న నెహ్రూ గారు ప్రారంభించిన మ్యూజియం అది. అక్కడి ఇంజన్ హాల్లో మేడమ్ ఒక మాట చెప్పారు. శాసనాన్ని చదివినట్టే యంత్రాన్ని కూడా చదవాలి, దాని మీద రాసి ఉన్నది చూశాకే విన్నది నమ్మాలి అని. అది గుర్తొచ్చి, కిరసనాయిలు గుడ్డతో ఇంజన్ పక్కన ఉన్న పేరు పలకని తుడిచాను. రంగు పొరల కింద నుంచి అక్షరాలు బయటపడ్డాయి. "రస్టన్ అండ్ హార్న్స్‌బీ, లింకన్, ఇంగ్లండ్."

ఆ పేరులోనే తేదీ ఉంది. లింకన్ ఊళ్లో రస్టన్ ప్రాక్టర్ అని ఒక కంపెనీ ఉండేది. గ్రాంథమ్ ఊళ్లో రిచర్డ్ హార్న్స్‌బీ అని ఇంకొకటి ఉండేది. ఆయిల్‌తో నడిచే ఇంజన్లను 1892 నుంచే తయారు చేసి అమ్మిన పాత కంపెనీ ఈ రెండోది. ఈ రెండూ 1918లో కలిసిపోయాయి. అంటే రెండు పేర్లూ కలిసి ఉన్న పలక 1910లో ఉండే అవకాశమే లేదు. ఇంజన్ నంబరు పూర్తిగా కనబడితే, కంపెనీ పాత లెక్కల పుస్తకాలతో పోల్చి ఏ సంవత్సరమో తేల్చవచ్చు. కానీ ఈ పలక మీద సగం అంకెలు అరిగిపోయాయి. కాబట్టి "1918 తరువాతది" అని మాత్రమే చెప్పగలం. పెద్ద దొంగని పట్టుకున్నట్టు సంబరపడ్డాను.

తాతయ్య కూడా మెచ్చుకున్నారు. "అయితే దీనికి తగ్గ గేజీ నా దగ్గరుంది, అమ్మలూ" అని తన ట్రంకు పెట్టె తెరిచారు. అందులో గుడ్డలో చుట్టిన ఇత్తడి గేజీ ఉంది. తాతయ్య పదిహేనేళ్ల వయసులో, 1963లో, గోదావరి మీద రాజమండ్రి నుంచి పైకి వెళ్లే లాంచీలో హెల్పరుగా చేరారు. ఆ లాంచీ మూలపడ్డాక సరంగు ఈ గేజీని ఆయన చేతిలో పెట్టారట. "తెల్లదొరల కాలం నాటిది" అని మా ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను.

తాతయ్య దాని వెనక మూత విప్పి చూపించారు. లోపల కొడవలిలా వంగిన చదును గొట్టం ఉంది. ఫ్రాన్స్ దేశస్థుడు యూజీన్ బుర్డాన్ 1849లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. గొట్టంలోకి ఒత్తిడితో ఆయిల్ గాని ఆవిరి గాని వస్తే అది కొద్దిగా సాగి తిన్నగా అవ్వాలని చూస్తుంది. ఆ కాస్త కదలికని చిన్న పళ్లచక్రం పెద్దది చేసి ముల్లుని తిప్పుతుంది. నూట డెబ్బై ఏళ్లు దాటినా ఇదే పద్ధతి నడుస్తోంది.

మూత బిగించాక ముందువైపు చూశాను. అంకెల కింద "చదరపు సెంటీమీటరుకు కిలో" అనే గుర్తు, ఇంకా కింద "మేడ్ ఇన్ ఇండియా" అని చిన్న అక్షరాలు. నా సంబరం ఆగిపోయింది.

తెల్లవాళ్ల కాలంలో మన దేశంలో ఇంజన్ల ఒత్తిడిని చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని కొలిచేవాళ్లు. అంగళ్లలో వీశెలు, శేర్లు, తులాలు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న అణాల బదులు నయా పైసలు వచ్చాయి. 1958 అక్టోబరు 1 నుంచి కిలోలు, మీటర్లు కొంచెం కొంచెంగా అమలులోకి వచ్చాయి. ఫ్రాన్సు, జర్మనీల గేజీల మీద కిలోలు అంతకు ముందే ఉండేవి. కానీ ఇది మన దేశంలో తయారైంది. కాబట్టి 1958 తరువాతదే అయి ఉండాలి.

రెండు రోజులు చెప్పలేకపోయాను. హోటల్ ఆయన తప్పుని పట్టుకోవడం సులువే. తాతయ్య జ్ఞాపకాన్ని తప్పనడం ఎలా? మూడో రోజు చెప్పేశాను. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. టీ తాగాక మెల్లగా అన్నారు.

"ఇంజన్ పాతదేనమ్మా. నడుస్తుంటే లాంచీ అంతా అదురుతుంది. ఆ అదురుకి ముందు పోయేది గేజీయే. అయితే నేను చేరినప్పుడు ఇది కొత్తగా మార్చిందన్నమాట. నాలాగే."

నేను నేర్చుకున్న చరిత్ర పాఠం ఇదే. యంత్రంలో అన్ని భాగాలకీ ఒకే వయసు ఉండదు. అన్నిటికంటే ఎక్కువసార్లు మారేది గేజీ. దాన్ని చూసి ఇంజన్ వయసు చెప్పకూడదు. ఇంజన్ని చూసి గేజీ వయసూ చెప్పకూడదు.

ఆ ఇంగ్లండ్ ఇంజన్‌కి కిలోల గేజీ నప్పదు. ఆదివారం బజారులో, గుజరీ అంగళ్లలో వెతికితే 100 పౌండ్ల వరకు చూపే పాత గేజీ దొరికింది. ఇది సుమారు 7 కిలోలకు సమానం. మామూలుగా నడిచేటప్పుడు ముల్లు అంకెల మధ్యభాగంలో ఉండేలా గేజీని ఎంచుకోవాలని తాతయ్య చెప్పారు. చేతిపంపుకి ఈ పాతదాన్నీ, ఒక మంచి గేజీనీ పక్కపక్కన బిగించి 20, 40, 60 పౌండ్ల దగ్గర పోల్చాం. పాతది ప్రతిచోటా 3 పౌండ్లు ఎక్కువ చూపింది. ముల్లు తీసి సరిచేశారు. తరువాత రాగి వాషరు వేసి, డబ్బాని పట్టుకుని తిప్పకుండా, కింద నలుపలకల కాడకే పానా పెట్టి బిగించారు.

హోటల్ ఆయన వచ్చి, "1910 అని వేస్తే ఏం పోతుంది, ఎవరు చూస్తారు?" అన్నారు. తాతయ్య నా వైపు చూసి, "నా గేజీ సంగతే నేను ఒప్పుకున్నానండీ. 1918 తరువాతది, గేజీ వేరే చోటి నుంచి తెచ్చి బిగించింది అని చెక్కిస్తాను. వేరేలా కావాలంటే మీరే చెక్కించుకోండి" అన్నారు. ఆయన పలక లేకుండానే ఇంజన్ తీసుకెళ్లారు. పలకకి రావలసిన డబ్బు రాలేదు.

తాతయ్య గేజీ ఇప్పుడు ట్రంకు పెట్టెలో లేదు. మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. దానికి కట్టిన అట్టముక్క మీద ఆయన చెబుతుంటే నేనే రాశాను: "గోదావరి లాంచీ గేజీ. 1958 తరువాతది."