ముందే డబ్బిచ్చిన ఆటగాళ్ళు

2012 ఫిబ్రవరి 8న శాన్‌ఫ్రాన్సిస్కోలోని డబుల్ ఫైన్ అనే గేమ్ స్టూడియో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో ఒక వీడియో పెట్టింది. స్టూడియో అధినేత టిమ్ షేఫర్ అందులో కనబడి జనాన్ని 4 లక్షల డాలర్లు అడిగాడు. మూడు లక్షలు పాతకాలపు తీరులో ఒక అడ్వెంచర్ గేమ్ తయారు చెయ్యడానికి, లక్ష ఆ తయారీని మొదటి నుంచి చివరిదాకా చిత్రీకరించడానికి. గేమ్ పేరు చెప్పలేదు, కథ చెప్పలేదు. అప్పటికి ఆ రెండూ లేవు. అయినా కొన్ని గంటల్లోనే అడిగిన మొత్తం వచ్చేసింది, రోజు తిరక్కుండానే పది లక్షలు దాటింది. మార్చి 13న గడువు ముగిసేసరికి 87,142 మంది కలిసి 33,36,371 డాలర్లు ఇచ్చారు.

లేని గేమ్ కోసం ఇంతమంది ఎందుకిచ్చారో తెలియాలంటే ముప్ఫై అయిదేళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి.

1970ల మధ్యలో విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ తన కూతుళ్ళు ఆడుకోవడానికి ఒక ఆట రాశాడు. అతనికి గుహల్లో తిరగడం ఇష్టం. కెంటకీ రాష్ట్రంలోని మామత్ కేవ్ గుహల పటాలు గీయడంలో పాలుపంచుకున్నవాడు. ఆటలో బొమ్మలుండవు. తెర మీద వాక్యాలు వస్తాయి, ఆటగాడు ఒకటి రెండు మాటలు టైప్ చేసి గుహలోకి దిగుతాడు. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని చూసి మెరుగుపరచాలనుకున్నాడు. రాసినవాడు ఎక్కడున్నాడో తెలియదు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటికీ క్రౌథర్ పేరిట ఉత్తరం పంపి, జవాబు రాబట్టి, అతని ప్రోగ్రామ్ తెప్పించుకుని పెంచాడు. ఈ తరహా గేమ్‌లకు ‘అడ్వెంచర్’ అన్న పేరు దాని నుంచే వచ్చింది. ఒకరు మొదలుపెట్టింది మరొకరు అడిగి తీసుకుని పూర్తిచేయడమన్నది ఈ రంగంలో పుట్టుకతోనే ఉంది.

వ్యాపారం తర్వాత వచ్చింది. 1980లో రోబెర్టా, కెన్ విలియమ్స్ దంపతులు ‘మిస్టరీ హౌస్’తో వాక్యాలకు బొమ్మలు చేర్చారు. వాళ్ళ కంపెనీయే సియెరా అయింది. 1987లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ ‘మేనియాక్ మ్యాన్షన్’ చేశారు. అందులో టైపింగ్ అక్కర్లేదు. తెర కింద ‘తెరువు’, ‘ఇవ్వు’, ‘తొయ్యి’ లాంటి క్రియలుంటాయి, వాటిలో ఒకదాన్ని నొక్కి బొమ్మ మీద నొక్కితే చాలు. దానికోసం గిల్బర్ట్ మొదలుపెట్టి రాసిన ‘స్కమ్’ అనే ఇంజిన్ మీదనే ఆ సంస్థ పదేళ్ళు బతికింది. 1990లో వచ్చిన ‘ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ను గిల్బర్ట్ చేస్తున్నప్పుడు ఆ బృందంలో కుర్రాడిగా చేరినవాడే షేఫర్. ఆ తరంవాళ్ళు ఈ గేమ్‌ల ముందు కూర్చుని, ఒక్క చిక్కుముడి దగ్గర వారాల తరబడి ఆగిపోయి, పెన్సిలు కాగితం పట్టుకుని పెరిగారు.

ఆ తర్వాత పతనం త్వరగా వచ్చింది. షేఫర్ 1998లో చేసిన ‘గ్రిమ్ ఫాండాంగో’ను విమర్శకులు తలకెత్తుకున్నారు, కానీ దుకాణాల్లో అది ఆశించినంత కదల్లేదు. త్రీడీ కాల్పుల గేమ్‌ల ముందు నెమ్మదిగా ఆలోచించి ఆడే గేమ్‌లకు పబ్లిషర్లు డబ్బు పెట్టడం తగ్గించేశారు. 2004 మార్చిలో, లూకాస్ ఆర్ట్స్‌గా పేరు మారిన లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ దాదాపు రూపం దాల్చిన ‘సామ్ అండ్ మ్యాక్స్’ కొత్త గేమ్‌ను మధ్యలో ఆపేసింది. జర్మనీలో మాత్రం గిరాకీ నిలిచింది. మిగతా చోట్ల అభిమానులే దీపం ఆరనివ్వలేదు. క్రిస్ జోన్స్ అనే ఆయన 1990ల చివర్లో తయారుచేసి ఉచితంగా ఇచ్చిన ‘అడ్వెంచర్ గేమ్ స్టూడియో’ సాఫ్ట్‌వేర్‌తో ఎంతోమంది సాయంత్రాలు, సెలవు రోజులు ఖర్చుపెట్టి సొంత గేమ్‌లు చేసి ఊరికే పంచారు. న్యూయార్క్‌లో డేవ్ గిల్బర్ట్ అదే పనిముట్టుతో 2006లో వాజెట్ ఐ అనే చిన్న సంస్థ పెట్టి అమ్మకాలకూ దిగాడు.

2009లో కిక్‌స్టార్టర్ వచ్చాక ఇలాంటివాళ్ళకు ఇంకో దారి దొరికింది. జనం ముందుగా డబ్బు ఇస్తామంటారు. గడువులోగా లక్ష్యం చేరితేనే అది వసూలవుతుంది, లేకపోతే ఎవరి డబ్బు వాళ్ళదే. ఇచ్చినవాళ్ళకు లాభంలో వాటా ఉండదు, గేమ్ వస్తే ఒక కాపీ ఉంటుంది. 2011 మొదట్లో షికాగోకు చెందిన జేక్ ఎలియట్, తమాష్ కెమెంజీ ‘కెంటకీ రూట్ జీరో’ కోసం 6,500 డాలర్లు అడిగారు. 205 మంది 8,583 డాలర్లు ఇచ్చారు. క్రౌథర్ తిరిగిన మామత్ కేవ్ గాలి సోకిన గేమ్ అది. అయిదు అంకాల్లో మొదటిది 2013 జనవరిలో, చివరిది 2020 జనవరిలో వచ్చాయి. ఈ శతాబ్దపు గొప్ప గేమ్‌లను లెక్కపెడితే అందులో దీనికి చోటు తప్పదు. దాని తొలి పెట్టుబడి ఒక పాత కారు ఖరీదు కూడా ఉండదు.

షేఫర్ పరిస్థితి వేరు. జీతాలివ్వాల్సిన స్టూడియో ఉంది, పబ్లిషర్ల దెబ్బలూ తగిలాయి. ‘సైకోనాట్స్’ను మైక్రోసాఫ్ట్ మధ్యలో వదిలేస్తే 2005లో మజెస్కో బయటికి తెచ్చింది. ‘బ్రూటల్ లెజెండ్’ను యాక్టివిజన్ వదిలేస్తే 2009లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తెచ్చింది. అడ్వెంచర్ గేమ్ చేస్తానని మళ్ళీ ఏ పబ్లిషర్ తలుపు తట్టినా లాభం లేదని ఆయనకు తెలుసు. ‘2 ప్లేయర్ ప్రొడక్షన్స్’ అనే డాక్యుమెంటరీ బృందం గేమ్ తయారీని దాపరికం లేకుండా చిత్రీకరించాలనుకుంది. పబ్లిషర్ డబ్బుతో నడిచే పనిలో అంత బాహాటం కుదరదు. చందాలతో నడిపితే కుదురుతుంది. 15 డాలర్లు ఇచ్చినవాళ్ళకు గేమ్‌తో పాటు ఆ వీడియోలు చూసే హక్కూ వచ్చింది. చందాదారులు నిజంగా కొనుక్కున్నది పనిచేసే చోట ఒక కుర్చీ.

అసలు కష్టం డబ్బు ఎక్కువ రావడంతో మొదలైంది. మూడు లక్షలతో అనుకున్న చిన్న గేమ్‌ను 2012 అక్టోబరుకే అందించాలన్నది మొదటి లెక్క. ముప్ఫై మూడు లక్షలు వచ్చాక చిన్న గేమ్ చేసి ఇస్తే ఎవరూ ఒప్పుకోరు. వచ్చిన మొత్తంలోంచి కిక్‌స్టార్టర్ రుసుము, బహుమతుల ఖర్చు, డాక్యుమెంటరీ వాటా పోతాయి. మిగిలినదానికి మించిన కథ రాసుకున్నాడు షేఫర్. వెల్లా అనే అమ్మాయిని ఊరివాళ్ళే రాక్షసికి బలి ఇవ్వబోతారు. షే అనే అబ్బాయిని తల్లిలాంటి కంప్యూటర్ ఒకటి అంతరిక్ష నౌకలో అతి గారాబంగా బంధించి ఉంచుతుంది. ఈ ఇద్దరి కథల మధ్య ఆటగాడు తనకు నచ్చినప్పుడు అటూ ఇటూ మారవచ్చు. నేథన్ స్టేప్లీ బొమ్మలు చేత్తో వేసిన చిత్రాల్లా ఉంటాయి. పీటర్ మెక్‌కానెల్ సంగీతం, నటులు ఎలైజా వుడ్, జాక్ బ్లాక్ గొంతులు. గేమ్ పేరు ‘బ్రోకెన్ ఏజ్’.

2013 జూలైలో షేఫర్ చందాదారులకు సంగతి చెప్పాడు. అనుకున్నది అనుకున్నట్టు చేస్తే డబ్బు చాలదు, కాలమూ చాలదు. గేమ్‌ను రెండు భాగాలు చేసి, మొదటిది అమ్మగా వచ్చిన సొమ్ముతో రెండోది పూర్తిచేస్తామన్నాడు. చాలామందికి కోపం వచ్చింది. అడిగినదానికి ఎనిమిది రెట్లు ఇచ్చినా చాలలేదంటే కోపం రాదా? ఆ కోపం న్యాయమైనదే. కానీ మరో సంగతి కూడా చెప్పాలి. గేమ్ తయారీలో ఇలాంటి గడ్డు ఘట్టం చాలాసార్లు వస్తుంది. అది స్టూడియోకు, పబ్లిషర్‌కు మధ్య మూసిన తలుపుల వెనక తేలిపోతుంది. ఇక్కడ మాత్రం లెక్కలు ముందు పెట్టుకుని బృందం తలపట్టుకోవడాన్ని వేలమంది డాక్యుమెంటరీలో చూశారు. చందాదారులు నిర్మాతల పక్కన నిలబడి బడ్జెట్ అంటే ఏమిటో నేర్చుకున్నారు. ఈ పద్ధతి ఇచ్చిన అసలైన మేలు ఇదే.

మొదటి అంకం 2014 జనవరిలో, రెండోది 2015 ఏప్రిల్‌లో వచ్చాయి. మొదటిదాంట్లో పజిల్స్ మరీ తేలికయ్యాయన్న ఫిర్యాదు విని రెండోదాంట్లో గట్టివి పెట్టారు. ఒకరి కథలో తెలిసిన సంగతి ఇంకొకరి పజిల్‌కు అవసరమయ్యేంత గట్టివి. అది కొందరికి మింగుడుపడలేదు. జనం మాట వినడం మంచిదే, కానీ ఈ ఒక్క చోట కథ ఎత్తుగడ దెబ్బతింది.

షేఫర్ పిలుపు విజయం చూసి పాతకాపులు వరుసకట్టారు. ఇంగ్లండ్‌కు చెందిన చార్ల్స్ సెసిల్ ‘బ్రోకెన్ స్వోర్డ్’ అయిదో గేమ్‌ను ఇలాగే 2012లో మొదలుపెట్టి రెండు భాగాలుగా పూర్తిచేశాడు. ‘స్పేస్ క్వెస్ట్’ సృష్టికర్తలు అదే ఏడాది ‘స్పేస్‌వెంచర్’కు 5 లక్షలకు పైగా సేకరించారు. దానికి చందాదారులు పదేళ్ళు ఎదురుచూడాల్సి వచ్చింది.

వీటన్నిటినీ చూసి పాఠం నేర్చుకున్న పని ‘థింబుల్‌వీడ్ పార్క్’. 2014 నవంబరులో రాన్ గిల్బర్ట్, విన్నిక్ మళ్ళీ జతకట్టి 3,75,000 డాలర్లు అడిగారు. 15,623 మంది 6,26,250 ఇచ్చారు. ఎంత చేయగలరో అంతే అడిగారు. అదనంగా వచ్చినదాన్ని పాత్రల గొంతులకు, ఇతర భాషల అనువాదాలకు కేటాయిస్తామని ముందే చెప్పారు. చందాదారులకు పని కూడా అప్పగించారు. గేమ్‌లో ఒక టెలిఫోన్ డైరెక్టరీ ఉంది. అందులో చందాదారుల పేర్లుంటాయి. ఆ నంబర్లకు డయల్ చేస్తే వాళ్ళు తమ గొంతుతో రికార్డు చేసి పంపిన సందేశాలు వినబడతాయి. గేమ్‌లోని ఒక భవంతి లైబ్రరీలో పుస్తకాలు తెరిస్తే అభిమానులు రాసిన పేజీలుంటాయి. తేలికా కష్టమా అన్న పాత తగాదా తీర్చడానికి ఆటను రెండు స్థాయుల్లో ఇచ్చారు. 2017 మార్చి 30న అది మొత్తం ఒకేసారి విడుదలైంది.

ఆ గిల్బర్టే తర్వాత ‘రిటర్న్ టు మంకీ ఐలాండ్’ను రహస్యంగా తయారుచేసి, 2022 ఏప్రిల్ 1న హఠాత్తుగా ప్రకటించాడు. డెవాల్వర్ డిజిటల్ దానికి పబ్లిషర్. బొమ్మల తీరు నచ్చని కొందరు వ్యక్తిగతంగా దూషించేసరికి ఆయన ఆ గేమ్ గురించి తన బ్లాగులో రాయడమే మానేశాడు. ముందు నుంచీ పక్కన కూర్చుని చూసినవాళ్ళకూ, ముప్ఫై ఏళ్ళ జ్ఞాపకం పట్టుకుని ఒక్కసారిగా ట్రైలర్ చూసినవాళ్ళకూ ఎంత తేడానో ఇక్కడ తెలుస్తుంది.

డబుల్ ఫైన్‌ను 2019లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. చందాలతో మొదలైన ‘సైకోనాట్స్ 2’ 2021లో వచ్చింది. దాని తయారీ మీద అదే డాక్యుమెంటరీ బృందం 2023లో 32 భాగాలు విడుదల చేసింది. జట్టులోని విభేదాలు, అలసట కూడా వాటిలో దాపరికం లేకుండా ఉన్నాయి. ‘బ్రోకెన్ ఏజ్’ తయారీ మీద తీసిన 20 భాగాలు కూడా యూట్యూబ్‌లో ఉచితంగానే ఉన్నాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో సొంతంగా గేమ్ చెయ్యాలని కూర్చున్న కుర్రాళ్ళు ముందుగా చూడవలసినవి అందులో డబ్బు లెక్కలు నడిచే భాగాలు.