గోనెగుడ్డపై మన అక్షరం

1834లో అట్లాస్ ఓడ పోర్ట్ లూయీ చేరిన తరువాతి దశాబ్దాలలో, కోరంగి రేవునుండి కూడా మన పూర్వులు మారిషస్ చెరకుతోటలకు వచ్చారు. అందుకే ఇక్కడ తెలుగువారికి కోరంగివారనే పేరు వచ్చింది.

తోటపనికి వెళ్ళే స్త్రీలు గోనెసంచులు విప్పి, కుట్టి, బట్టలపై కట్టుకొనేవారు. చెరకాకు కోతకు అదే రక్షణ. ఒప్పందంపై గుర్తు పెట్టిన చేతులకు అక్షరం రాదు, కుట్టు వచ్చు.

1970లో ఎగుమతి పరిశ్రమల చట్టం వచ్చిన తరువాత, వారి మనుమరాళ్ళలో అనేకులు ఉన్నిదుస్తుల కర్మాగారాలలో చేరారు. కుట్టు జీతమయింది. ఇంటికి అలసివచ్చిన తల్లికి దానిని బిడ్డకు నేర్పే తీరిక లేకపోయింది.

అందుచేత మా సాయంకాలపు తెలుగు తరగతిలో పిల్లలకు పలకతోపాటు మొద్దుమొన సూది, ఉన్నిదారం, గోనెగుడ్డ ఇస్తున్నాము. గోనె నేత వదులు కనుక చిన్నచేతులకు సులువు. పోగులు లెక్కిస్తూ అంకెలు, కుడుతూ ముడి, అతుకు, మాసిక అనే మాటలు నేర్చుకొంటున్నారు.

మొన్న ఒక బాలిక తన పేరులోని మొదటి అక్షరం కుట్టింది. చదువురాని ఆమె అవ్వ దానిని వేలితో తడిమి, “ఇది ఏ అక్షరమమ్మా?” అని అడిగింది. మనుమరాలు చెప్పింది.

మీ ఇంట పాత బొంత ఉంటే పారవేయకండి. పిల్లలచేత మాసిక వేయించండి.