సికింద్రాబాద్‌లో పాత బట్టల దారి

మూడో నిజాం సికందర్ జా పేరిట 1806లో వెలసిన సికింద్రాబాద్ కంటోన్మెంటు ఊరు. అక్కడి జనరల్ బజారుకు నేటికీ బట్టల అంగళ్ళ వల్లే పేరు. తెలుగునాట అంతటా లాగే ఈ ఊళ్లోనూ కొన్న బట్ట త్వరగా బయటికి పోయేది కాదు. కుట్టులేని నేత చీర చిరిగినా అక్కరకొచ్చేది: నాలుగు మడతలేసి బారుకుట్టు వేస్తే బొంత, చింపితే చంటిబిడ్డకు పొత్తిగుడ్డ. పిల్లల లాగులకు దర్జీలు లోపల బెత్తెడు గుడ్డ మడిచి ఉంచేవారు, పొడుగైతే విప్పడానికి. మిగిలినవి పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆవిడ స్టీలు సామాన్ల గంపకు చేరేవి. గంపావిడ జరీచీరను వెలుతురుకు పట్టి చూసి, చిన్న గిన్నెకే ఇంకో రెండు ప్యాంట్లు అడిగేది. బేరం ఓ పట్టాన తెగేది కాదు. పాలిస్టర్‌ది వేరే కథ. నీరు పీల్చదు, మసిగుడ్డకూ కొరగాదు; నూలుతో కలిపి నేస్తే విడదీయడం కష్టం. పాత బట్టలు చెత్తకుప్పకెక్కడానికి జనం బద్ధకం కన్నా బట్ట తయారీలో వచ్చిన ఈ మార్పే పెద్ద కారణం.