రెండు బ్యాటరీల బండి

రోబో అనగానే మనవాళ్ళకి రజనీకాంత్ గుర్తొస్తాడు. నాకు మాత్రం టార్చిలైటు బ్యాటరీలు గుర్తొస్తాయి. ఎందుకో చెప్తాను.

1981లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మసహిరో మోరి అనే ప్రొఫెసర్ తన స్టూడెంట్లకి ఒక పని అప్పజెప్పాడు. (మరీ మనిషిలా కనిపించే బొమ్మని చూస్తే ఒళ్ళు జలదరిస్తుందని 1970లో రాసిందీ ఈయనే.) పెద్ద సైజు టార్చి బ్యాటరీలు రెండే రెండు. వాటితో మనిషిని ఎక్కించుకుని నడిచే బండి తయారు చెయ్యాలి. చదువంటే మార్కులే అనుకునే పిల్లల్లో కాస్త చురుకు పుట్టించాలని ఆయన తాపత్రయం.

రెండూ కలిపితే 3 వోల్టులు, మన సెల్‌ఫోన్ బ్యాటరీ కన్నా తక్కువ. అసలు చిక్కు అది కూడా కాదు. యాభై అరవై కిలోల మనిషిని కదిలించబోతే మోటార్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. అంత లాగితే బ్యాటరీ లోపలి రెసిస్టెన్సే వోల్టేజిని మింగేస్తుంది. అందుకని గేర్లు వేసి, స్పీడు తగ్గించి, టార్కు పెంచుకోవాలి. బండి బరువు తగ్గించాలి, చక్రాల రాపిడి తగ్గించాలి. బజార్లో రెడీమేడ్‌గా దొరికేది కాదు కాబట్టి కూర్చుని లెక్కలు కట్టాల్సిందే.

1988లో ఎన్‌హెచ్‌కే టీవీ కోసెన్ కాలేజీల (మన పాలిటెక్నిక్‌ల్లాంటివి) మధ్య రోబోకాన్ మొదలుపెట్టినప్పుడు తొలి పోటీ ఈ బ్యాటరీ బళ్ళ పందెమే. 2002లో ఆసియా-పసిఫిక్ దేశాల రోబోకాన్ మొదలైంది. టోక్యోలో ఫుజి పర్వతం థీమ్ పెడితే గెలిచింది వియత్నాం జట్టు! 2008లో పూణేలో జరిగింది. థీమ్ ఏంటో తెలుసా? గోవిందా... మన చిన్నికృష్ణుడి ఉట్టి ఆట. వెన్న మాత్రం చైనా వాళ్ళు కొట్టుకుపోయారు.

ఇక నా ఘనకార్యం. ఫైనలియర్‌లో మేం నలుగురం లైన్ ఫాలోవర్ చేశాం. చేశాం అంటే, కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని అతికించాం. పోటీకి ముందురోజు రాత్రి మోటార్ డ్రైవర్ చిప్ కాలిపోయింది. ఎల్293డి ఒక్కో ఛానెల్‌కి 600 మిల్లీఆంపులే ఇస్తుందని డేటాషీటు మొదటి పేజీలోనే ఉంటుంది. చక్రం ఎక్కడైనా ఇరుక్కుంటే మా మోటార్ ఎంత లాగుతుందో మాలో ఒక్కడూ కొలవలేదు. పొద్దున్నే వెళ్ళి రెడీమేడ్ రోబో కొనుక్కొచ్చి మా స్టిక్కర్ అంటించాం. సెకండ్ ప్రైజొచ్చింది. ఆ సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు నాన్న.

మొన్న ఆఫీసులో నన్ను క్యాంపస్ ఇంటర్వ్యూలు చెయ్యమని పంపారు. ఒక కుర్రాడి రెజ్యూమెలో 'లైన్ ఫాలోవర్ రోబో, ఫస్ట్ ప్రైజ్' అని ఉంది. "మీ మోటార్ ఎంత కరెంటు లాగేది తమ్ముడూ?" అనడిగా. తల దించుకున్నాడు. నేనూ రెజ్యూమె కాయితం వైపే చూస్తూ తరవాతి ప్రశ్న అడిగేశా.