‘ఎమాన్సిపేషన్’ అను మాట

స్త్రీవిమోచనము, దాస్యవిమోచనము అని మనము వ్రాయుచోట్ల ఆంగ్లేయులు తఱచుగా వాడు పదము ‘ఎమాన్సిపేషన్’. సంస్కరణాభిలాషులు ఈ మాటను మిక్కిలి ప్రియముగా నుచ్చరింతురు. దీని పుట్టుక నెఱిగినవారు మాత్రము కొంచెము తడబడక తప్పదు. ఏలయన నిది స్వాతంత్ర్యసభలలో పుట్టినది కాదు. క్రయవిక్రయముల నడుమ పుట్టినది.

లాటినుభాషలో ‘మానుస్’ అనగా చేయి, ‘కాపెరె’ అనగా పట్టుకొనుట. ఈ రెంటి కలయికచే ‘మాన్కిపియుమ్’ అను పద మేర్పడెను. మనము ‘చేజిక్కించుకొనుట’ యనుటయు నిట్టిదే. దానికి ముందు ‘వెలుపలికి’ అను నర్థమిచ్చు ఉపసర్గ చేరగా, చేతినుండి విడుచుట యని భావము వచ్చెను.

రోములో నీ చేపట్టు అలంకారము కాదు, వ్యవహారము. 2వ శతాబ్దమున నుండిన గయుస్ అను ధర్మశాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించియున్నాడు. (ఆతని గ్రంథము చిరకాలము మఱుగుపడియుండి 1816లో వెరోనా నగరమున బయల్పడినది.) యుక్తవయస్కులైన రోమనుపౌరు లైదుగురు సాక్షులు. ఆఱవవాడు కంచుత్రాసు పట్టుకొని నిలుచును. కొనువాడు సొత్తును చేతబట్టి, అది తనదని పలికి, కంచుముక్కతో త్రాసును తాకించి, ఆ ముక్కను వెలగా నమ్మువాని కిచ్చును. ఇటలీదేశపు భూములు, బానిసలు, ఎద్దులు, గుఱ్ఱములు, గాడిదలు ఈ తంతుతోనే చేతులు మాఱెడివి. కన్నకొడుకును నిట్లే!

రోమనుతండ్రి బ్రదికియున్నంతకాలము బిడ్డలపై నాతని యధికారము చెల్లెడిది. కొడుకు తల నెఱసినను, కాన్సలుపదవి నధిష్ఠించినను, పూర్వధర్మము ననుసరించి సొంత యాస్తి లేనివాడే, ఆర్జించినదెల్ల తండ్రిది. మన మితాక్షర కొడుకునకు పుట్టుకతోనే పూర్వుల యాస్తిలో హక్కు నిచ్చినది గదా. ఈ యొక్క విషయమున మనవారే మేలనిపించుకొనిరి. క్రీ.పూ. 5వ శతాబ్దపు పండ్రెండు ఫలకముల ధర్మశాసనము, తండ్రి కొడుకును మూడుమాఱు లమ్మినచో కొడుకు స్వతంత్రుడగునని విధించెను. న్యాయవేత్తలు దీనిని యుక్తిగా మలచుకొనిరి. తండ్రి నమ్మకమైన మిత్రునకు కొడుకు నమ్మును, మిత్రుడు విడుచును. మరల నమ్మును, మరల విడుచును. మూడవ యమ్మకముతో తండ్రిపట్టు తెగును. శాసనమున కొడుకని మాత్రమే యుండుటచే, కూతునకును మనుమలకును ఒక్క యమ్మకమే చాలుననిరి. ఈ బూటకపు బేరములను 531లో జస్టీనియను చక్రవర్తి తొలగించి, న్యాయాధికారి యెదుట చెప్పిన చాలునని శాసించెను.

రోమనుపెండ్లిలో భార్య భర్త ‘చేతిలోనికి’ పోవు పద్ధతియు నొకటి కలదు. మనకును పాణిగ్రహణము కలదు. చేయి పట్టుట యాదరమా, అధికారమా యను ప్రశ్నను మేము పాఠకురాండ్రకే విడుచుచున్నాము.

వింత యేమనగా, బానిసను విడుచుటకు రోమనులు ఈ మాట వాడలేదు. దానికి ‘మానుమిస్సియో’ యను వేఱుపదము కలదు. ఆంగ్లమున 17వ శతాబ్దమున ప్రవేశించి, మతస్వేచ్ఛను కోరినవారి నోట నలిగి, పిదపనే యిది బానిసలకు వర్తించెను. 1829లో కాథలిక్కుల విషయమునను, 1863 జనవరి 1న లింకను ప్రకటనమునను దీని పేరు మ్రోగెను. ఆ ప్రకటనము తిరుగుబాటు చేసిన ప్రాంతములకే పరిమితము. అమెరికా యంతట దాస్యము రద్దగుటకు 1865 నాటి రాజ్యాంగసవరణము కావలసివచ్చెను.

మాటలోని బేరము మాత్రము పోలేదు. 1833 నాటి బ్రిటిషు చట్టము 2 కోట్ల పౌనుల పరిహారము నిచ్చెను. ఎవరికి? యజమానులకు. చెఱ వీడినవారికి దమ్మిడీ లేదు; పైగా పని నేర్చుకొనువారను పేర పెక్కుచోట్ల 1838 వఱకు పాతదొరలకే యూడిగము చేసిరి.

మన దేశమున 1843 నాటి 5వ చట్టము వేఱుత్రోవ త్రొక్కెను. అది యజమానులకు పరిహార మీయలేదు. ఎవరి చేతినుండియు నెవరిని విడిపింపనులేదు. మనిషి మనిషికి సొత్తను వాదమును న్యాయస్థానములు చెల్లింపరాదని మాత్రము చెప్పెను. మనుష్యులను బానిసలుగా కొనుటయు నమ్ముటయు శిక్షార్హమైన నేరమగుటకు 1860 నాటి శిక్షాస్మృతి రావలసియుండెను. అది 1862లో నమలునకు వచ్చెను.