సంజ్ఞానాత్మక వికాస సిద్ధాంతాలు – ఆచరణలో ఉపయోగం

మనిషి తెలివిడి పసితనం నుంచి ఎలా ఎదుగుతుందో సంజ్ఞానాత్మక వికాస సిద్ధాంతాలు వివరిస్తాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే (1896–1980), సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ (1896–1934) వీటిని రూపొందించినవారిలో ముఖ్యులు. ఈ సిద్ధాంతాలు ఎక్కువగా అక్కరకొచ్చేది బడిలోనే.

పియాజే ప్రకారం రెండు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలు కంటికి కనిపించేదాన్నే నమ్ముతారు. ఆరేసి ఇప్పగింజలను రెండు వరుసలుగా పేర్చి, ఒక వరుసను ఎడంగా జరిపితే, అందులోనే ఎక్కువ ఉన్నాయని నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది అంటారు. అందుకే అంకెలకు ముందు గింజలు, పుల్లలతో లెక్క నేర్పుతారు.

పిల్లలు ఒంటరిగా చేయలేని పనిని పెద్దల సాయంతో చేస్తూ ఎదుగుతారని, ఆలోచనకు భాషే పనిముట్టని వైగాట్‌స్కీ చెప్పాడు. ఉదాహరణకు, తెలంగాణలోని ఖమ్మం జిల్లా సింగరేణి మండల కేంద్రం కారేపల్లి చుట్టూ లంబాడా తండాలు, కోయ గూడేలు ఉన్నాయి. ఇలాంటి ప్రాంతాల్లో ఇంటి భాష, బడి భాష వేరువేరు కావడంతో భాష గురించి ఆయన చెప్పిన మాటకు విలువ పెరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, బంజారా సహా ఎనిమిది భాషల్లో మాతృభాష ఆధారిత బహుభాషా విద్య మొదలైంది.

ఎదుగుదల దశలకు పియాజే చెప్పిన వయసులు ఉజ్జాయింపు మాత్రమే. పెంపకాన్ని, ప్రశ్న అడిగే తీరును బట్టి మారతాయి. పిల్లలకు ఎక్కువ తక్కువల ముద్ర వేయడానికి వాడితే ఈ సిద్ధాంతాలు మేలుకు బదులు కీడే చేస్తాయి.