చుక్క రాలినప్పుడు చూసినవాళ్లే సాక్ష్యం

2022 డిసెంబర్ 7న చేవెళ్ల లోక్‌సభ స్థానం పరిధిలోని మర్పల్లి మండలంలో, పొలాల మధ్య గుండ్రటి పెద్ద యంత్రం ఒకటి దిగింది. ఊరంతా అక్కడికి చేరింది. టాటా పరిశోధన సంస్థ హైదరాబాద్ కేంద్రం నుంచి బెలూన్‌తో పంపిన ప్రయోగ పరికరమని తేలడంతో సందేహం తీరిపోయింది.

ఆకాశంలో భగ్గున వెలిగి మాయమయ్యే ఉల్క ఎక్కడిదో అలా చెప్పేవాళ్లెవరూ ఉండరు. చూసిన మనుషుల మాటే దాని చరిత్ర.

1852 జనవరి 23న నెల్లూరు ప్రాంతంలోని యాటూరులో రాతి ఉల్క పడింది. సరిగ్గా 18 ఏళ్లకు, మళ్లీ జనవరి 23నే, అప్పటి విశాఖపట్నం జిల్లా నెడగొల్లలో సాయంత్రం పూట నాలుగున్నర కిలోల ఇనుప ఉల్క పడింది. పడుతుండగా జనం చూసిన ఇనుప ఉల్కలు ప్రపంచంలోనే బహు తక్కువ. తేదీ, వేళ, ఊరు పేరు చెప్పినవాళ్లు ఉండబట్టే ఈ రెండూ జనం చూస్తుండగా పడినవిగా అంతర్జాతీయ ఉల్కల జాబితాకెక్కాయి.

హైదరాబాద్‌లో అలా చూసి చెప్పే పనిని ఒక నిష్ఠగా చేసినవారు మహమ్మద్ అబ్దుల్ రహమాన్ ఖాన్. ఉస్మానియా కళాశాల మాజీ ప్రిన్సిపాల్. బేగంపేటలో ఉంటూ ఉల్కలను గమనించి, 1930లు, 40లలో విదేశీ ఖగోళ పత్రికలకు వివరాలు రాసి పంపారు. ఆయన్ని మన నగరం ఇంకా బాగా గుర్తుపెట్టుకోవాలి.

ఒక్కరు చెబితే దిక్కు మాత్రమే తెలుస్తుంది. రెండు ఊళ్లవాళ్లు చెబితే ఎత్తు కూడా తేలుతుంది. చేవెళ్ల, మొయినాబాద్‌ల మధ్య సూటిగా సుమారు 15 కిలోమీటర్లు. 80 కిలోమీటర్ల ఎత్తున చేవెళ్లకు నడినెత్తిన వెలిగిన ఉల్క, మొయినాబాద్‌వాళ్లకు పడమటికి దాదాపు 10 డిగ్రీలు ఒరిగి కనిపిస్తుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు అంతే. ఉల్క వెలిగిన మూడు నిమిషాల తర్వాత ఉరుములాంటి మోత వినపడిందంటే, అది పుట్టిన చోటు సుమారు 60 కిలోమీటర్ల దూరాన ఉన్నట్టు.

కాబట్టి ఈసారి అలాంటి వెలుగు కంటబడితే ఫోన్ కోసం తడుముకోకండి. ముందు కళ్లారా చూడండి. వెంటనే గడియారం చూసి వేళ, నిలబడిన చోటు, దిక్కు, ఎన్ని పిడికిళ్ల ఎత్తు, ఎన్ని సెకన్లు, మోత ఎప్పుడు వినపడింది రాసిపెట్టుకుని, అంతర్జాతీయ ఉల్కా సంస్థకు పంపండి.